పసుపు దుంపలో నీటి నడక



మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో నుంచిన మఱునాటికి అందులో ఊట నిండియుండును. మనమొక చుక్క నీరైనను పోయలేదే, ఆ నీరెక్కడిది? బడిపంతులుగా నున్నప్పుడు పిల్లల నీ ప్రశ్నయే యడిగెడివాడను. ముక్క ముడుచుకొని మెత్తబడుటయే జవాబు, నీరు దానిలోనిదే. ఎండుద్రాక్షను మంచినీట వేసినచో దీనికి విపర్యయముగా నది ఉబ్బును. ఈ ధర్మమునకు ద్రవాభిసరణమని పేరు. కావ్యములలో అభిసారికను ఎఱిగినవారికి ఈ పేరు క్రొత్తగా తోపదు. పిలువకయే తనంత తాను బయలుదేఱిపోవుటయే గదా అభిసరణము!

1748వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున నోలే యను క్రైస్తవాచార్యుడు సారాయము నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొరను బిగించి నీట ముంచెను. నీరు లోనికి జొచ్చి పొర ఉబ్బెను. ఆ పొర నీటిని పోనిచ్చినంత సులభముగ సారాయమును పోనీయలేదు. రహస్యమంతయు నిచ్చటనే యున్నది. ఉప్పు నీటిని లాగునని మనము వాడుకగా చెప్పుదుము గాని, సూక్ష్మముగ జూచిన నది సరికాదు. నీటి అణువులు పొర కిరువైపులనుండియు రాకపోకలు చేయుచునే యుండును. ఉప్పుగాని పంచదారగాని కరిగిన వైపున నీటికి స్వేచ్ఛ తగ్గును గనుక అటునుండి వచ్చునవి తక్కువ, పలుచని వైపునుండి పోవునవి ఎక్కువ. సజీవకణముల పొరలలో నీటికే ప్రత్యేకమైన సన్నని ద్వారములు గలవని కనుగొన్నందులకు అమెరికా వాడగు పీటర్ ఆగ్రెకు 2003లో నోబెల్ బహుమానము లభించెను.

మా ఇందల్వాయి, ఆర్మూరు ప్రాంతముల పసుపు రైతునకు ఇది కేవలము పుస్తకవిద్య కాదు. వేరులోని రసము మట్టిలోని తడికంటె చిక్కన గనుకనే నీరు లోనికి పోవుచున్నది. పొటాషు ఎరువును మొక్క మొదట కుప్పగా పోసితిమా, అది కరిగి చుట్టునున్న తడి వేరు రసముకంటె చిక్కనగును. అప్పుడు నీరు లోనికి రాకపోగా, ఉన్నది వెలుపలికి పోవును. తడినేలలో నిలిచియు మొక్క దప్పిగొనును. ఆకుల కొనలు మాడును. ఎరువు చాలలేదని తలచి మఱియొక దోసెడు వేయువారు గలరు! అది దాహమైనవానికి ఉప్పునీరు పట్టుటయే. ఎరువు వలదని నా మాట కాదు. విడతలుగా, మొదలుకు ఎడముగా వేసి, మన్ను కప్పి నీరు పెట్టవలెను. ఎక్కువైన దానిని నీటితో కడిగి దింపవచ్చును గాని, ఆ నీరు పోవుటకు కాలువ యుండవలెను. నిలువనీరు పసుపునకు దుంపకుళ్ళు తెచ్చును. ఆకులు మాడుటకు తెగుళ్ళును కారణము కావచ్చును గనుక, ముందు వేరు చెంత మన్ను త్రవ్వి చూచుట మేలు.

ఇక పసుపును ఉడికించుట యెందులకు? త్రవ్విన దుంప ఇంకను సజీవమే. దాని కణముల పొరలు లోని నీటిని కాపాడుకొనుచుండును. అందుచే పచ్చికొమ్ము ఊరక ఎండబెట్టిన చాలకాలము పట్టును. నురుగు పొంగి, తెల్లని ఆవిరితో పసుపు వాసన వచ్చువఱకు, సుమారు ముప్పాతిక గంటనుండి గంటవఱకు, నీట ఉడికించినచో ఆ పొరలు చచ్చును. కావలివాడు పోయిన యింట వాకిలి తెఱచినట్లే! పిమ్మట 10 లేక 15 దినముల ఎండకు కొమ్ము గట్టిపడును. రంగు లోపలంతయు సమముగ వ్యాపించును. ఎక్కువ ఉడికిన రంగు చెడును, తక్కువైన కొమ్ము పెళుసుబాఱును. మన తాతలు కొప్పెర చెంత ముక్కుతో తెలిసికొన్న పాకమే యిది. ఇప్పుడు ఆవిరి యంత్రములు వచ్చినను పరీక్ష మాఱలేదు.

విత్తనమునకు తీసిన దుంపలను మాత్రము ఎవ్వరును ఉడికింపరు. వానిని నీడను ఆకులు కప్పి దాచి, తొలకరికి నాటుదురు. తడి తగిలినంతనే ఆ పొరలు మరల తమ పనికి పూనుకొనును.