గుండెకు బ్రేకు తలలోనే ఉంది



మిత్రులారా, పదో తరగతిలో చదివిన మజ్జాముఖం గుర్తుందా? మెదడు కాండంలో అడుగుభాగం. అక్కడ బయలుదేరే వేగస్ నరమే గుండెకు బ్రేకు. అది లేకపోతే విశ్రాంతిలోనూ గుండె నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది.

మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, కరెంటు చిన్న వలయంలో చిక్కుకుని తిరిగే దడ ఒకటుంది. డాక్టర్లు ఎస్‌వీటీ అంటారు. రోగి చేత 15 సెకన్లు గట్టిగా ఊదించి, వెంటనే పడుకోబెట్టి కాళ్లెత్తితే, ఈ నరం ఆ వలయాన్ని తెంచుతుంది. 2015లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో ఇలా 100కి 43 మందికి లయ కుదిరింది; ఊది ఊరుకున్నవారిలో 17 మందికే.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మాత్రం దీనికి లొంగదు. ఏ దడో ఈసీజీయే చెప్పాలి. యాభై దాటినవాళ్లం, ఇంట్లో మెడ నొక్కే ప్రయోగాలు వద్దు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం తోడైతే 108కి ఫోన్ చేయండి.

వజ్రోత్సవానికి అందరం రావాలి.