వృద్ధాప్యమున సేవ: పొదుపా, బీమాయా?

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలందురు. వృద్ధాప్యమునకై సొమ్ము కూర్చుకొనుట అందరును తలచునదే. కాని ఆ వయస్సున మనకు కావలసినవి అన్నవస్త్రములు, మందులు మాత్రమే కావు. మంచము పట్టిన వారిని లేవనెత్తి, స్నానము చేయించి, అన్నము తినిపించు మనిషి కావలెను. ఈ సేవ ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి సాగును. దీని వ్యయమును పొదుపుతో భరింతుమా, బీమాతో భరింతుమా యన్నదే నేటి ప్రశ్న.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొందము. ఆరోగ్య బీమా కలదు గదాయని మనలో పెక్కుమంది నిశ్చింతగా నుందురు. ఆ బీమా ప్రధానముగ ఆసుపత్రి చికిత్సకు సంబంధించినది. 2024లో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును 70 ఏండ్లు నిండిన వారందరికిని విస్తరించి, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్సా సదుపాయము కల్పించినది. అదియు ఆసుపత్రికే. తుంటి యెముక విరిగిన తల్లికి శస్త్రచికిత్స వ్యయము బీమా వలన లభించును. ఇంటికి వచ్చిన పిదప ఆమెను కనిపెట్టుకొని యుండు ఆయా జీతము సాధారణముగ లభింపదు.

ఆయాకు నెలకు 20,000 రూపాయలనుకొందము. ఏడాదికి 2,40,000, ఐదేండ్లకు 12 లక్షలు. ధరలు ఏటా నూటికి 6 చొప్పున పెరిగినచో 12 ఏండ్లలో ఇది రెట్టింపగును. ఎవరికి ఐదేండ్ల సేవ కావలసివచ్చునో, ఎవరికి ఒక్కనాడును అక్కరలేదో ముందుగ తెలియదు. కనుక పొదుపునే నమ్మినవారు దీర్ఘకాలమునకే కూడబెట్టవలసి యుండును. బీమాలోనన్ననో పదిమంది భారమును పంచుకొందురు. జర్మనీ 1995లోను, జపాను 2000లోను ఈ సూత్రముపైననే సేవాబీమాను అమలులోనికి తెచ్చినవి. జపానులో 40 ఏండ్లు నిండిన వారందరును చందా చెల్లింతురు.

అయితే ప్రైవేటు బీమాకు వేరొక చిక్కు కలదు. అమెరికాలో కంపెనీలు వడ్డీ అధికముగ వచ్చుననియు, పాలసీలను మధ్యలో విడుచువారు పెక్కుమంది యుందురనియు తలచి మొదట ప్రీమియములు తక్కువగ నిర్ణయించినవి. ఆ అంచనాలు తప్పుటచే తరువాత వానిని మిక్కిలి పెంచినవి. వార్ధక్యమున ఆ పెంపు భరింపలేక పాలసీ వదలుకొన్నవారు చాలవరకు నష్టపోయిరి.

మన దేశమున అట్టి సార్వజనిక సేవాబీమా లేదు. కావున మేము చెప్పదలచినది ఇది: ఆసుపత్రి వ్యయమును బీమాకు వదలుడు, ఇంటి సేవకు ప్రత్యేకముగ పొదుపు చేయుడు. 2004లో ప్రారంభమైన వయోవృద్ధుల పొదుపు పథకములో 60 ఏండ్లు నిండినవారు 2023 నుండి 30 లక్షల వరకు దాచవచ్చును; మూడు నెలలకొకసారి వడ్డీ వచ్చును.

కూతురో, కోడలో చూచుకొనును గదాయని ఏ ఏర్పాటును చేయకుండుట కూడ ఒక విధమైన బీమాయే. కాని దాని ప్రీమియమును చెల్లించునది ఆమె: ఉద్యోగము మానియో, ఆరోగ్యము చెడగొట్టుకొనియో. కన్నవారిని పోషింపవలెనని 2007 నాటి చట్టము బిడ్డలను ఆదేశించుచున్నది. అది భరణము ఇప్పించగలదు. రాత్రి మేలుకొను మనిషిని ఇయ్యజాలదు. కావున ఒంట్లో ఓపిక యున్నప్పుడే ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఎవరు చూతురు, ఎంత యగును, ఎచ్చటినుండి వచ్చునని మాటలాడుకొనుట మేలు.