గాలివాన – కిటికీ అద్దము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సందర్భమున మన పఠన మందిరమునకు తూర్పు వైపున పెద్ద అద్దపు కిటికీలు అమర్చినారు. వెలుతురు పుష్కలముగా వచ్చుచున్నది. చూపు మందగించిన వృద్ధ పాఠకులు ఎంతో సంతోషించుచున్నారు. అయితే మనది సముద్రతీర గ్రామము. ఆ అద్దములకు రక్షక ఫిల్ము అంటించినచో తుఫాను భయముండదని వర్తకులు చెప్పుచున్నారట. ఆ మాట ఎంతవరకు నమ్మదగినదో విన్నవింపుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు.

ఈ ఫిల్ము ఒకవైపు జిగురు గల పాలియెస్టరు పొర. భద్రతకు వాడు రకములలో 0.2 మిల్లీమీటరు మందము గలది సామాన్యము. ఇది అద్దమును పగులకుండ ఆపదు; పగిలిన ముక్కలను చెదరనీయక పట్టి ఉంచును. అంతే.

పగిలిన నేమి, మరల అద్దము కొనుక్కొందమని తలచెదరేమో! గాలికి ఎదురుగా నున్న కిటికీ ఊడినంతనే గాలి లోనికి జొరబడి కప్పును క్రిందినుండి పైకి త్రోయును. కప్పుమీదుగా పోవు గాలి అదే సమయమున దానిని పైకి పీల్చుచుండును. 1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరము ట్రేసీ తుఫానులో ధ్వంసమైనప్పుడు, ఇండ్లు కూలుటకు ఇదియొక ముఖ్యకారణమని ఇంజనీర్లు గుర్తించిరి. కప్పు పోయిన గదిలో పుస్తకముల గతి ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

1992 ఆగస్టు 24న అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాను ఆండ్రూ తుఫాను తాకెను. 1994లో అచట కట్టడ నిబంధనలు మార్చి, కిటికీలకు కఠినమైన పరీక్ష విధించిరి. ఆ పరీక్ష వినదగినది. గాలి ఒత్తిడితో పనిచేయు ఫిరంగి వంటి గొట్టమునుండి 9 పౌనుల, అనగా సుమారు 4 కిలోల, కొయ్యపట్టెను సెకనుకు 50 అడుగుల వేగముతో కిటికీమీదికి వదలుదురు. ఎవరి ఇంటి కప్పునుండియో ఎగిరివచ్చిన వాసమనుకొనుడు! ఒక దెబ్బ నడుమ, ఒక దెబ్బ మూలకు దగ్గరగా. అంతటితో విడువరు. దెబ్బతిన్న ఆ కిటికీని అట్లే ఉంచి, గాలి ఒత్తిడితో త్రోయుచు, పీల్చుచు మొత్తము 9,000 మారులు కదలింతురు. తుఫాను ఒక్క దెబ్బతో పోవునది కాదు గదా! ఒకే రకపు కిటికీలు మూడింటిని పరీక్షింతురు, మూడును నిలువవలెను. 5 అంగుళముల పొడవును, అంగుళములో 16వ వంతు వెడల్పును మించిన చీలిక ఏర్పడినచో తప్పినట్లే.

ఫిల్ము గుట్టు ఈ రెండవ భాగముననే బయటపడును. పొర చినుగదు, పగిలిన అద్దము పొరతో సహా తడిసిన చాపవలె చట్రమునుండి ఊడి లోనికి పడును. కనిపించు అద్దము అంచువరకే అంటించుటయే దీనికి కారణము. అందుచేత అంచున సిలికోను బంకతోనో, లోహపు పట్టీతోనో ఫిల్మును చట్రమునకు బిగింపవలెను. ఆ చట్రము గోడకు గట్టిగా ఉండవలెను.

వర్తకుడు యోగ్యతాపత్రము చూపినచో ఏ పరీక్షయని అడుగుడు. మనిషి పొరపాటున అద్దముపై పడినచో గాయపడకుండునా యని 100 పౌనుల సీసపుగుండ్ల సంచిని ఊపి కొట్టు పరీక్ష వేరొకటి కలదు. అది మంచిదే, కాని తుఫానుది కాదు. తుఫాను పరీక్షయే అన్నచో ఏ అద్దముపై, ఏ చట్రమున, ఏ బిగింపుతో నిలిచినదని అడుగుడు. ఆ పత్రము కిటికీ మొత్తమునకే గాని పొర ఒక్కదానికి కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో విశాఖపట్టణమును తాకినప్పుడు అద్దములు ముక్కలై రాలుట ఎందరో చూచిరి. అద్దముపై అడ్డదిడ్డముగా టేపు అంటించినవారును కలరు. టేపు వలన బలము రాదు సరిగదా, ముక్కలు మరింత పెద్దవై పడును.

కావున నా మనవి యిది. పిల్లలు కూర్చుండు వరుసలో గాజుపెంకుల బాధ తప్పుటకు ఫిల్ము వేయింపుడు. తుఫానుకు మాత్రము దానినే నమ్ముకొనక, 5/8 అంగుళముల మందముగల ప్లైవుడ్ పలకలు కిటికీ కొలతకు ఇప్పుడే కోయించి, ప్రతిదానికి సంఖ్య వేసి, గోడలో మరల చోట్లు బిగింపించుడు. అక్టోబరు రాకమునుపే ఒకనాడు పలకలన్నియు ఎక్కించి, ఎంతసేపు పట్టునో చూచుకొనుడు. మరలు, పానాలు అటకపై గాక గుమాస్తాగారి బల్ల సొరుగులోనే ఉంచుడు.