మదనపల్లె, పుంగనూరు, కుప్పం: పరిగెత్తే మూడు దారులు, నేను షేర్ చేయని నాలుగో దారి

ఈ ఎపిసోడ్ మొత్తం పరుగు గురించే. ట్రెడ్‌మిల్ కాదు, సిటీ మారథాన్ కాదు. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో, అడవి అంచున, ఏటి పక్కన పరిగెత్తడం గురించి. "బ్రో, నీ రూట్ల జీపీఎస్ ఫైల్స్ పెట్టు" అని చాలామంది అడుగుతా ఉన్నారు. మూడు దారులు చెప్తాను. నాలుగోది ఇవ్వను. ఎందుకివ్వనో చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నా.

కొత్తగా చూస్తున్నవాళ్ళకు నా గురించి ఒక్క మాట. బీటెక్ చేశాను, బెంగళూరులో కొన్నేళ్ళు కోడ్ రాశాను, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నాను. అక్కడ పరుగంటే వీకెండ్ హాబీ. మన దగ్గర అలా కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు పుంగనూరు రోడ్డు మీద పరిగెత్తే పిల్లల్ని ఆపి అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది పోలీస్ కానిస్టేబుల్‌కో, అగ్నివీర్‌కో ప్రిపేర్ అవుతుంటారు. రెండింట్లోనూ 1600 మీటర్ల పరుగు ఉంది. అగ్నివీర్‌లో ఐదున్నర నిమిషాల్లోపు పూర్తిచేస్తే 60కి 60 మార్కులు. అంటే వాళ్ళకు పరుగంటే ఉద్యోగం. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ ఇక్కడికే వస్తాను.

ఇక మొదటి దారి, హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు. 1870 ప్రాంతంలో కడప కలెక్టర్‌గా ఉన్న హార్స్‌లీ దొర పైన ఇల్లు కట్టుకున్నాడు, అలా ఆ పేరొచ్చింది. మనవాళ్ళ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, కొండపైన దాదాపు 1265. తేడా 550 మీటర్ల పైమాటే. అంతస్తుకు మూడు మీటర్లు వేసుకుంటే 180 అంతస్తులు ఎక్కినట్టు. కాబట్టి మొదటిరోజే కింద నుంచి పైదాకా ఆపకుండా పరిగెత్తాలని చూడొద్దు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఇలా పొండి. దమ్ము ఎక్కేటప్పుడు పోతుంది, కానీ దెబ్బ తగిలేది దిగేటప్పుడు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బ్రేకు వేస్తుంటాయి, మరుసటిరోజు మెట్లు దిగలేరు. అడుగులు చిన్నవిగా వేయండి. మలుపుల దగ్గర బస్సులు, కార్లు కనపడవు, ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టండి.

రెండోది, రిషి వ్యాలీ వైపు రోడ్డు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో తెలిసిన స్కూల్ అది. క్యాంపస్ లోపలికి అనుమతి లేకుండా పోకూడదు, బయట రోడ్డు చాలు. చుట్టూ బండరాళ్ళ కొండలు, మధ్యలో పచ్చటి లోయ. ఆ పచ్చదనం మొదటినుంచీ అంతా ఉన్నది కాదు. ఏళ్ళ తరబడి చెట్లు నాటి, వాననీళ్ళు నిలబెట్టి తెచ్చుకున్నది. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పెద్ద ఎత్తుపల్లాలు లేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, ముఖ్యంగా నలభై దాటిన అక్కలు, అన్నలు, ఇక్కడే మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త చెప్తాను. టమోటా సీజన్‌లో తెల్లారకముందే బొలెరో బండ్లు మదనపల్లె మార్కెట్‌కు ఉరుకుతుంటాయి. రోడ్డుకు కుడిపక్కన, ఎదురొచ్చే బండి కనపడేలా పరిగెత్తండి.

మూడోది, పుంగనూరు చుట్టుపక్కల చెరువు కట్టలు. మట్టి బాట, మోకాళ్ళకు హాయి. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క పొలాలు. పొలం దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, "ఏం నాయనా, ఎవురన్నా తరుముకుంటా ఉండారా?" అని అడిగినాడు. ఆరోగ్యం కోసం అంటే, "అట్టయితే వచ్చి మడి దున్నరాదా" అన్నాడు. పాయింటే కదా! అదృష్టం ఉంటే మూడడుగుల ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవులు కనపడతాయి.

కానీ ఏట్లోకి దిగే ముందు ఆలోచించండి. మన ఏర్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. ఇసకలో పరుగు పిక్కలకు మంచి ఎక్సర్‌సైజ్, నిజమే. అయితే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వద్దు. మదనపల్లెలో మనం చూసే బాహుదా నది కిందకు పోయి పింఛాతో కలిసి చెయ్యేరు అవుతుంది. 2021 నవంబర్ 19న అదే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పదులమంది చనిపోయారు. మన నెత్తిన చినుకు లేకపోయినా పైన వానపడితే ఏరు వస్తుంది. చెరువు మొరవ పోతుంటే దాన్ని దాటే పని అసలు పెట్టుకోవద్దు.

ఇప్పుడు నాలుగో దారి. కుప్పం వైపు. పాలారు లోయ, కైగల్ జలపాతం చుట్టూ అడవి, కౌండిన్య అభయారణ్యం అంచు బాటలు. అందంలో మిగతా మూడూ దీని ముందు చాలవు. ఆ ఫైల్ నా దగ్గర ఉంది. పెట్టను.

కారణం ఏనుగులు. 1980లలో తమిళనాడు వైపు అడవుల నుంచి గుంపులు ఇటు వచ్చి నిలబడిపోయాయి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. అక్కడికీ సమస్య తీరలేదు. 2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని మనకిచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. ఏనుగులు రాత్రి చెరకు, రాగి, మామిడి తోటల్లో పడి, తెల్లవారుజామున అడవిలోకి తిరిగిపోతాయి. మనం పరిగెత్తే టైమ్ ఏది? అదే తెల్లవారుజాము.

"ఉరుకుతాం లే బ్రో" అంటారేమో. లెక్క చూద్దాం. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో, అంటే గంటకు పదిహేడున్నర కిలోమీటర్లు. ఫుల్ మార్కులు తెచ్చుకునే కుర్రాడి స్పీడ్ అది. ఏనుగు స్పీడ్‌ను శాస్త్రవేత్తలు కొలిచారు, గంటకు 25 కిలోమీటర్ల దాకా. మీకు బాట కావాలి, దానికి బాట అక్కర్లేదు. 2025 శివరాత్రి ముందు గుండాలకోన దారిలో, రాత్రిపూట అడవిలో నడిచి పోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు పోయారు. వాళ్ళు గుంపుగా పోతున్నవాళ్ళే.

సాఫ్ట్‌వేర్ వాడిగా ఇంకో మాట. మనం స్ట్రావాలో ఒక దారి పెడితే అది డేటా. 2018లో ఆ యాప్ హీట్‌మ్యాప్‌లో సైనిక స్థావరాలే బయటపడ్డాయి, సైనికులు జాగింగ్ చేసిన గీతల వల్ల. గీత ఉందంటే దారి ఉందనుకుంటాం. కానీ ఆ గీత గీసినవాడు పగలు పదింటికి, ఊరివాళ్ళను అడిగి, తోడుతో పోయాడన్న సంగతి అందులో ఉండదు. నా ఫైల్ నమ్మి ఒక పిల్లోడు ఒంటరిగా, చీకట్లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పోతే? అదీకాక అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం చట్టప్రకారం నేరం.

మరి కుప్పంలో పరిగెత్తేదే లేదా అంటే ఉంది. ఊరి రోడ్లు, గ్రౌండ్లు ఉన్నాయి. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా నీళ్ళు కుప్పం దాకా వచ్చాయి కదా, కాలువ గట్ల మీద పరిగెత్తేవాళ్ళు అంచుకు దూరంగా ఉండండి. సిమెంట్ వాలు మీద జారితే ఎక్కి రావడం కష్టం. ఎక్కడికి పోయినా నాదొకటే రూల్: పాలవాళ్ళు తిరగని టైమ్‌లో, తిరగని దారిలో నేను పరిగెత్తను. ఏనుగు ఎటు దిగిందో, ఏ వంక పొంగిందో, ఏ కుక్క కరుస్తుందో ఏ యాప్ కంటే ముందు వాళ్ళకు తెలుస్తుంది. అడిగితే ఎవరూ లేదనకుండా చెప్తారు.

చివరిగా ఆ ఉద్యోగం పిల్లల మాట. వాళ్ళు చీకట్లో రోడ్డు మీద, అడవి అంచున ఎందుకు పరిగెత్తుతున్నారు? సరదాకు కాదు. పొద్దెక్కితే కూలి పనో, కాలేజో ఉంటుంది. గ్రౌండ్‌కు పోదామంటే గేటుకు తాళం. మీలో స్కూల్ హెడ్‌మాస్టర్లు, సర్పంచులు, కమిటీ సభ్యులు ఉంటే నేను అడిగేది ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఆ గేటు తీయించండి, ఒక్క లైటు వేయించండి. నాలుగు వందల మీటర్ల ట్రాక్ సున్నంతో గీసుకుంటే నాలుగు రౌండ్లకు 1600 అయిపోతుంది. ఖర్చు ఒక సున్నం బస్తా, నెలకు కొంచెం కరెంటు బిల్లు.

మొదటి మూడు దారుల ఫైల్స్ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. నాలుగోది అడగొద్దు. మీ ఊళ్ళో గేటు తెరిపిస్తే మాత్రం చెప్పండి, నేనే వచ్చి మీ పిల్లలతో నాలుగు రౌండ్లు వేస్తాను. ఉంటానండీ, జాగ్రత్త.