కారే నల్లా కింద సీసా పెట్టి చూడండి



1931లో పూర్తయిన మన నిజాంసాగర్ నీళ్లను ఎన్ని తడులు ఇవ్వాలో లెక్క చూసే కాలువకు వదులుతారు. పొలం దగ్గర ప్రతి తడికీ లెక్క చెప్పే మనం, ఇంట్లో మాత్రం ఆ లెక్క మరిచిపోతున్నం.

మిషన్ భగీరథలో పల్లెకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. కారే నల్లా కింద లీటరు సీసా పెట్టండి. గంటలో నిండితే రోజుకు 24, నెలకు 720 లీటర్లు మోరీ పాలే. అంటే ఒక మనిషికి వారం రోజుల నీళ్లు!

వాషర్ మార్పించండి. ట్యాంకుకు బాల్‌వాల్వు పెట్టించండి. మోటరు వేసి మరిచిపోకండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు చెట్లకు పోయండి.

మీ ఇంట్లో వృథా ఆగితే, పైపు చివర ఉన్న ఇంట్లో బిందె నిండుతది.