చేపకు ఐసు వేస్తాం, నమూనాకు వేయవద్దా?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పిల్లవాడి కాలు పడిపోతే, దొడ్డికి వెళ్ళింది ఎందుకండీ అడుగుతారు?" అని మన ఆడవాళ్ళు అంటూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. దానికే నేడు జవాబు మనవి చేసుకొంటున్నాము.

పోలియో వైరస్ పేగుల్లో పెరిగి మలంలో బయటపడుతుంది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడి చచ్చుబడితే, అది పోలియోనా, వేరే జబ్బా అన్నది కంటితో తేల్చలేరు. లాబొరేటరీయే చెప్పాలి. అందుకు 14 రోజుల లోపల, కనీసం 24 గంటల ఎడంతో రెండు నమూనాలు కావాలి. ఒక్కొక్కటి 8 గ్రాములు, అంటే పెద్దవారి బొటనవేలంత, చాలు. సూది లేదు, నొప్పి లేదు.

మా ఎరుకలో ఒక ఇంటివారు సిగ్గుపడి రెండో నమూనా ఇవ్వలేదు. బిడ్డకు ఏమైందని ఆ తల్లి ఈనాటికీ అడుగుతూనే ఉంది. చెప్పగలవారు లేరు.

నమూనాను కారని డబ్బాలో పెట్టి, మూత బిగించి, పైన మరో సంచి వేసి, మంచుపెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో పంపాలి. ఆ పెట్టెను మళ్ళీ టీకాలకు వాడరాదు. 72 గంటల్లో లాబొరేటరీ చేరాలి. పాలకాయతిప్ప నుంచి కోడూరు, అవనిగడ్డ మీదుగా బందరు చేరేసరికే ఎండ నెత్తికెక్కుతుంది. దారిలో మంచు కరిగితే వైరస్ నశించవచ్చు. ఉన్న జబ్బు కూడా "లేదు" అని రావచ్చు. ఐసు లేకుండా చేపను బజారుకు పంపని మనకు ఇది వేరే చెప్పాలా?

కొన్ని పరీక్షలకు ఇంకా చవకైన దారి ఉన్నది. పసిబిడ్డల హెచ్.ఐ.వి. పరీక్షకు మడమ రక్తపు చుక్కలను ప్రత్యేకమైన కాగితం మీద బాగా ఆరబెట్టి, మంచు లేకుండానే పంపుతారు. పోలియోకు మాత్రం మంచు తప్పదు.

మన దేశంలో సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో కనబడింది. 2014 మార్చి 27న పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది. "ఇంక నమూనాలెందుకు?" అంటారేమో. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలో అది ఇంకా ఉన్నది. ఇక్కడ లేదని రుజువు చేసేవీ ఈ నమూనాలే.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు, ముందుగా అందే కబురు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. నమూనా కూడా ఒక కబురే. కనుక బిడ్డ కాలు చచ్చుబడితే ఆనాడే ఆశా కార్యకర్తకు చెప్పండి. రెండు నమూనాలూ ఇవ్వండి. ఫలితం ఎప్పుడు వస్తుందో అడిగి తెలుసుకోండి. అది మన హక్కు.