గడియారం టైము, మనసు టైము



బస్సు కోసం నిలబడితే పది నిమిషాలు గంటలా సాగుతాయి. పుట్టింటికి పోతే నాలుగు రోజులు ఇట్టే అయిపోతాయి. గడియారం ముల్లు మాత్రం ఎప్పుడూ ఒక్క తీరుగానే తిరుగుతుంది. మరి తేడా ఎక్కడ వచ్చింది? మనసులో.

విసుగు, భయం, నొప్పి ఉన్నప్పుడు మనసు కాలాన్నే కాచుకొని కూచుంటుంది. అందుకే పొద్దు జరగదు. పనిలోనో మాటల్లోనో పడితే కాలం ఊసే మరిచిపోతుంది.

ఫ్రాన్స్ దేశంలో మిషెల్ సిఫ్ర్ అనే ఆయన ఉండేవాడు. 1962 జూలై 16న, 23 ఏళ్ళ వయసులో, ఆల్ప్స్ కొండల్లో ఒక మంచు గుహలోకి ఒంటరిగా దిగాడు. వాచీ లేదు. ఎండ పొడ లేదు. లేచినా, తిన్నా, పడుకున్నా పైనున్న వాళ్ళకు ఫోన్ చేసి చెప్పేవాడు. వాళ్ళు మాత్రం ఆయనకు టైము చెప్పకూడదు. అదీ ఒప్పందం.

సెకనుకు ఒక అంకె చొప్పున ఆయన 120 దాకా లెక్కపెట్టాడు. అంటే రెండు నిమిషాలు కావాలి. ఆయన ముగించేసరికి ఐదు నిమిషాలైంది! సెప్టెంబరు 14న గడువు అయిపోయిందని చెబితే ఆయన నమ్మలేకపోయాడు. ఆయన లెక్కలో అది ఆగస్టు 20. 25 రోజులు ఎటు పోయాయి? చీకట్లో అన్ని రోజులూ ఒక్కటే. గుర్తుండడానికి ఏముంది? వింత ఏమంటే, ఒళ్ళు మాత్రం పెద్దగా లెక్క తప్పలేదు. నిద్ర, మెలకువ కలిపి రోజుకు సుమారు 24న్నర గంటలు పట్టాయి.

ఇక ఇంట్లో సంగతి చూడండి. జ్వరం ఎక్కువై బిడ్డకు ఫిట్స్ వచ్చాయనుకోండి. తల్లి ప్రాణం పోయినంత పనవుతుంది. రెండు నిమిషాలకే ఆగినా, అరగంట కొట్టుకున్నాడంటుంది. అది అబద్ధం కాదు. భయంలో ఆమెకు అంతసేపు అనిపించింది. కానీ ఎంతసేపు వచ్చాయని డాక్టరు తప్పక అడుగుతారు. ఐదు నిమిషాలు దాటితే ప్రమాదం. మందు ఇచ్చి ఆపాల్సి వస్తుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా పొయ్యొద్దు. చేతిలో తాళంచెవులు పెడితే ఫిట్స్ ఆగవు. అవి వెతికే వాళ్ళను గడియారం చూడమనండి. మొదలైన టైము, ఆగిన టైము కాగితం మీద రాయండి. కాగితం దొరక్కపోతే సుద్దముక్కతో గోడ మీదైనా సరే. ఫిట్స్ తొందరగా ఆగిపోయినా బిడ్డను ఆసుపత్రిలో చూపించాలి. పోయేటప్పుడు ఆ రెండు టైములు రాసుకొని పోండి.